పలకను పకల అన్న పిల్ల

తలుపు పక్కన గోడకు కొట్టిన రేకు మీది అక్షరాలను సత్తెమ్మ నాలుగోసారి చదివి, తన పెదవులు కదలడం ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసింది. నిశ్శబ్దముగా నుండవలెను. ఎవరూ చూడలేదు. బెంచీకి అవతలి కొసన ఒక ముసలాయన తలకు తువ్వాల చుట్టుకొని కునికిపాట్లు పడుతున్నాడు. వరండా చివర ఆయా ఒకామె ఫినాయిలు నీళ్ళు చల్లి తుడుస్తోంది. తలుపు మూసే ఉంది. దాని వెనక యాదమ్మ ఉంది. తొమ్మిదేండ్ల పిల్ల. పొద్దున్నే తలకు నూనె పెట్టి, రెండు జడలు బిగించి, ఉన్నవాటిలో చిరగని లంగా తొడిగి, హఫీజ్‌పేట స్టేషనులో ప్యాసింజరు ఎక్కించి, నాంపల్లిలో దిగి, కనబడ్డవాళ్ళనల్లా దారి అడుగుతూ ఇంత పెద్ద దవాఖానకు తెచ్చింది. ఇప్పుడా పిల్ల ముక్కూ మొహం తెలియని డాక్టరమ్మ ముందు ఒక్కతే కూర్చొని ఉంది. "మీరు బయట కూర్చోండమ్మా. పాపతో ఒక గంట మాట్లాడాలి నేను. సూదులూ మందులూ ఏమీ ఉండవు, కంగారు పడకండి," అని చెప్పి ఆవిడే లేచి వచ్చి తలుపు వేసుకుంది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి సత్తెమ్మను ఎవరూ మీరు అనలేదు. ఆ మాట వినగానే ఆమెకు ధైర్యం రాలేదు, భయమేసింది. ఇంత మర్యాద చేస్తున్నారంటే చెప్పబోయేది మంచి మాట కాదేమో.

చెప్పేదేముంది, అంతా ఆ చీటీలో ఉండనే ఉంది. నిన్న బడి విడిచాక యజ్ఞనారాయణ సారు ఆమెను పిలిచి నాలుగు మడతలు పెట్టిన కాగితం చేతికిచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఎక్కడో కృష్ణా జిల్లా నుంచి వచ్చి, కొత్తగూడకు ఇవతల గుట్టల కింద ఉన్న తమ వాడలో, ఒక్క గదిలో నాలుగు తరగతులకూ తానొక్కడే చెప్పుకుంటాడు. యాదమ్మ పలక పగిలితే కొత్తది తెచ్చిచ్చినవాడే. కాని విసిగిపోయాడు. "నాలుగేళ్ళు చెప్పానమ్మా. గోడకు చెప్పినా ఈపాటికి వచ్చుండేది. పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి చూపించు. వాళ్ళు కాగితం రాసిస్తే పేరు తీసేస్తాను. దానికీ బాధ తప్పుతుంది, నాకూ తప్పుతుంది," అన్నాడు, ఆమె మొహం చూడకుండా పొడుం డబ్బీ మూత తిప్పుకుంటూ. సత్తెమ్మ తలూపి కాగితం కొంగున ముడేసుకొని, ఇంటికి పోకుండా, గుట్ట మీది పెద్ద బండ చాటుకు పోయి విప్పింది. అప్పటిదాకా ఆమె చదివినవి ఒకటో తరగతి పుస్తకం, రెండో తరగతి పుస్తకం, అగ్గిపెట్టె, స్టేషను బోర్డు, అంతే. మనిషి చేత్తో రాసిన కాగితం చదవడం అదే మొదలు. యాదమ్మ పేరు ఉంది. దాని పక్కన మంద అని ఉంది. తాను కాసే మేకల మంద సంగతి సారు ఇందులో ఎందుకు రాశాడా అనుకుంది. పక్క అక్షరాలను కూడబలుక్కుంటే బుద్ధి అని తేలింది. రెండూ కలిపి ఇంకోసారి చదివింది. ఆ తరువాతి మాటల్లో ఒక్క ఒత్తు కూడా లేదు. ఎక్కడా తట్టుకోకుండా వచ్చేశాయి. చదువుకు పనికిరాదు. బండ మీద ఎండ ఇంకా వేడిగానే ఉంది. కష్టపడి నేర్చుకున్న చదువు ఇందుకా పనికొచ్చింది అనుకొని, ఆమె అక్కడే కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

సత్తెమ్మకు చదవడం వచ్చునని ఎవరికీ తెలియదు. మొగుడు నర్సింహకు తెలియదు, అత్త భాగ్యమ్మకు తెలియదు, సారుకు అసలే తెలియదు. బడి గడప తొక్కని మనిషికి చదువు ఎట్లా వచ్చిందంటే, యాదమ్మే నేర్పింది, తాను నేర్పుతున్నట్టు తనకు తెలియకుండా. రెండేండ్ల కింద, రోజూ సందెవేళ దీపం పెట్టాక, యాదమ్మ పుస్తకం ముందేసుకొని పాఠం అప్పజెప్పేది. సత్తెమ్మ పక్కన కూర్చొని బియ్యంలో రాళ్ళు ఏరేది. కమల వచ్చింది. కమల పలక తెచ్చింది. పలక నల్లన. యాదమ్మ గొంతు గంట కొట్టినట్టుండేది, ఒక్క మాట పొల్లుపోయేది కాదు. బియ్యంలోంచి చూపు పుస్తకం మీదికి పోయి పోయి, ఒకనాడు సత్తెమ్మకు ఒక సంగతి తట్టింది. పిల్ల కమల అని రెండుసార్లు అంటోంది, పుస్తకంలోనూ ఒకే ఆకారం రెండు చోట్ల ఉంది. అయితే అదే కమల. అందులో మొదటిది క. పలకలో చివరిది కూడా క. చేటలో చేతులు ఆగిపోయాయి. ఆ రాత్రి అన్నంలో రాళ్ళు పడ్డాయని అత్త తిట్టింది. చలికాలం అయిపోయేసరికి ఆమెకు ఆ పుస్తకమంతా వచ్చింది. ఒంటరిగా మేకల వెంట ఉన్నప్పుడు కర్రతో మట్టిలో సత్తెమ్మ అని రాసుకొని, తన పేరు అంత పొట్టిదా అని నవ్వుకొని, కాలితో చెరిపేసింది.

అయితే తనకు అక్షరాలు వచ్చిన కొద్దీ ఒక గుబులు కూడా మొదలైంది. యాదమ్మ నోరు ఒక చోట ఉంటే వేలు ఒక చోట ఉండేది. నోరు పలక అంటుంటే వేలు వచ్చింది మీద ఉండేది. మొదట సత్తెమ్మ తానే తప్పనుకుంది. బడికి పోయే పిల్ల తప్పై, మేకలు కాసే తాను ఒప్పు ఎట్లా అవుతుంది? ఒకనాడు పలక అన్న ఒక్క మాట వదిలి మిగతావన్నీ అరచేతులతో మూసి, "గిదేంది బిడ్డా?" అని అడిగింది. యాదమ్మ చాలాసేపు చూసి, పకల అంది. కింది వరుసలో అదే మాట చూపిస్తే కలప అంది. ఇంకో చోట అదే మాట చూపించింది. పిల్ల కండ్లలో నీళ్ళు తిరిగాయి, "అక్షరాలు కదులుతున్నయే అమ్మా," అంది. సత్తెమ్మ పుస్తకం మూసేసింది. పాఠమంతా నోటికి వచ్చు, అందులో ఒక్క మాట గుర్తుపట్టడం రాదు. అంటే పిల్ల ఇన్నాళ్ళూ చదవలేదు, సారు చెప్పింది విని చెవిలో పట్టుకొచ్చి ఇంటి దగ్గర ఒప్పజెప్పింది. ఆ చెవిని నమ్ముకొని తల్లి చదువు నేర్చుకుంది. ఈ మాట ఎవరితో చెప్పాలి? మొద్దు సత్తెమ్మకు వచ్చిన అక్షరాలు బడికి పోయే బిడ్డకు రాలేదంటే, వాడంతా ఆ పిల్లను ఇంకెంత నవ్వుతారు? అందుకే దాచింది. చదివినప్పుడల్లా ఎవరి కోడినో దొంగిలించినట్టు బెదురుతూనే చదివింది.

వాడలో పిల్లలు ఇప్పటికే నవ్వుతున్నారు. యాది లేని యాదమ్మ అని వెంటపడి అరుస్తారు. యాది లేదా దానికి? హఫీజ్‌పేట దాటి పోయే గూడ్సుబండికి ఎన్ని డబ్బాలో ఒక్కటి తప్పకుండా చెప్తుంది, నిన్నటి బండికి ఎన్నో, మొన్నటిదానికి ఎన్నో కూడా చెప్తుంది. బతుకమ్మ పాట ఒకసారి వింటే చాలు, మరునాడు తానే ముందుండి అందుకుంటుంది. కిరసనాయిలు పొయ్యి పాడైతే వాళ్ళ నాయన వచ్చేదాకా ఆగదు, విప్పదీసి, మసి తుడిచి, వత్తులు సరిచేసి, మళ్ళీ బిగిస్తుంది. మరి ఆ పిల్లే చెప్పులు ఎడమది కుడికి, కుడిది ఎడమకు వేసుకొని తిరుగుతుంది. సోమవారం తరువాత ఏ వారమంటే బుధవారం అంటుంది. బడికి పోయే వేళకు రోజూ కడుపునొప్పి, ఆదివారం మాత్రం రాదు. ఒక వానాకాలం పుస్తకం పోయిందని వచ్చి చెప్పింది. నాలుగు రోజుల తరువాత గుట్ట మీద బండల సందులో నానిపోయి దొరికింది. పోగొట్టుకోలేదు, లోపలికంటా తోసి, మీద రాయి పెట్టింది. అత్త దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించింది. సరస్వతి ఆకు పసరు మండలం రోజులు తాగించింది. వాంతులయ్యాయి కాని అక్షరాలు రాలేదు.

పుస్తకం దొరికిన ఆ రోజు సత్తెమ్మ కొట్టింది. ఇప్పుడు ఈ బెంచీ మీద కూర్చొని ఆ సంగతి ఎటు తోసినా మళ్ళీ ముందుకే వస్తోంది. కొట్టడం కూడా కాదు, తొడపాశం పెట్టింది, చర్మం కమిలిపోయేటట్టు, చదువుతవా చదవవా అని పండ్లు నూరుతూ. యాదమ్మ ఏడవలేదు. కాలు వెనక్కి లాక్కోలేదు. గట్టిగా కండ్లు మూసుకొని, ఇదెప్పుడు అయిపోతుందా అన్నట్టు నిలబడింది. బడిలో దెబ్బలకు కూడా అట్లాగే నిలబడుతుందేమో. తొమ్మిదేండ్లు నిండని పిల్ల దెబ్బకు అంత అలవాటు పడి ఉండడం చూసి సత్తెమ్మ చేయి దానంతటదే వదిలేసింది. ఆ తరువాత వారం దాకా నీలంగా ఉన్న ఆ మచ్చ మీద రోజూ రాత్రి నూనె రాసింది. తల్లి ఎందుకు రాస్తోందో పిల్ల అడగలేదు, తల్లి చెప్పలేదు.

అసలు ఇదంతా తన వల్లనే. ఈ మాట నర్సింహతో కూడా అనలేదు ఆమె. తెలంగాణ కొట్లాటల ఏడు అది. బస్సులు నిలిచిపోయాయి, బాలానగర్ కార్ఖానాలు మూతపడ్డాయి, నర్సింహ పని లేక ఇంట్లో కూర్చున్నాడు. సత్తెమ్మకు ఏడో నెల. వద్దని అత్త అన్నా వినకుండా కంకర కొట్టే చోటికి పోయి తట్టలు మోసింది. మూడోనాడు కాలు జారి, తట్టతో సహా బోర్లా పడింది. పొట్ట నేలకు తగిలింది. రెండు రోజులు లోపల కదలిక లేదు. మూడోనాడు కదిలింది, నెలలు నిండాకే పిల్ల పుట్టింది, ఏడ్చింది, పాలు తాగింది. దేవుడు దయ తలిచాడనుకుంది. దయ తలచలేదు, ఆ పడ్డదాని ఫలితం ఇట్లా తొమ్మిదేండ్లకు చూపిస్తున్నాడు. ఆనాడు పడ్డ దెబ్బ పిల్ల తలకే తగిలి ఉంటుంది. లోపలున్న డాక్టరమ్మ తల మీద చేయి వేసి నిమిరితే చాలు, సొట్ట దొరుకుతుంది. బయటికి వచ్చి, కడుపుతో ఉన్నప్పుడు ఎక్కడైనా పడ్డారా అని అడుగుతుంది. అప్పుడు ఏం చెప్పాలి? లేదంటే అబద్ధం. అవునంటే ఇన్నేండ్ల దెబ్బలన్నీ తానే పిల్ల వీపు మీద వేసినట్టు. ముసలాయన కునుకులో ఏదో గొణిగి మళ్ళీ సద్దుమణిగాడు. వరండాలో నేల ఆరిపోయింది. గడియారం చూడడం ఆమెకు ఇంకా రాదు, కాని గంట దాటిందని ఒళ్ళు చెబుతోంది.

అప్పుడు తలుపు వెనక నవ్వు వినిపించింది. యాదమ్మ నవ్వు. ముందు గుర్తుపట్టలేదు. పుస్తకం, సారు, పరీక్ష అన్న మాటల దగ్గర ఆ పిల్ల నవ్వగా సత్తెమ్మ ఎన్నడూ వినలేదు. మళ్ళీ వినిపించింది, ఈసారి ఇద్దరూ నవ్వుతున్నారు. కట్టె ముక్కలు బల్ల మీద పేరుస్తున్న చప్పుడు. "ఇంకోటి చేస్త, ఇంకోటి ఇయ్యి," అంటోంది యాదమ్మ, డాక్టరమ్మను పట్టుకొని, వాడలో స్నేహితురాలితో అన్నట్టు. సత్తెమ్మ లేచి నిలబడింది, ఎందుకు నిలబడిందో తెలియక మళ్ళీ కూర్చుంది. మనసు ఆశపడబోయింది. వద్దు అని దాన్ని అదిలించింది. మతిలేని పిల్లలు కూడా నవ్వుతారు. తలుపు తెరుచుకుంది. "లోపలికి రండమ్మా."

డాక్టరు రత్నమాల అని బల్ల మీది చెక్క ముక్క మీద రాసి ఉంది. సన్నటి మనిషి, కండ్లద్దాలు, తెల్లకోటు జేబుకు సిరా మరక. బల్ల మీద రంగు కట్టె ముక్కలు, బొమ్మలున్న అట్టలు, యాదమ్మ రాసిన వంకర టింకర అక్షరాల కాగితం. సారు చీటీ ఒక పక్కన రాయి కింద ఉంది. ఆవిడ సత్తెమ్మను కుర్చీలో కూర్చోమంది. సత్తెమ్మ కొసకు కూర్చుంది.

"ముందు ఒక మాట చెప్తాను, తరువాత మిగతావి. మీ అమ్మాయి మందబుద్ధి కాదు. ఈ ముక్కలతో పెట్టిన పనులు తనకంటే రెండేళ్ళు పెద్ద పిల్లలు కూడా ఇంత త్వరగా చెయ్యరండి. కళ్ళు బాగున్నాయి. చెవులు మరీ బాగున్నాయి."

ఆ మాటలు సత్తెమ్మ చెవిలో పడ్డాయి కాని లోపలికి దిగలేదు. కిటికీ అవతల రిక్షా గంట మోగుతూ పోయింది. "మల్లెందుకు రావమ్మా దానికి అచ్చరాలు?" అంది చివరకు.

"కొందరు పిల్లలకు కంటితో చూసే అక్షరానికీ, చెవితో వినే శబ్దానికీ ముడి పడడం కష్టమవుతుంది. పుట్టుకతోనే అంతే. అక్షరాలు తారుమారుగా కనిపిస్తాయి, నిన్న వచ్చింది ఇవాళ రాదు. ఇంగ్లీషులో డిస్లెక్సియా అంటారు. ఇది జబ్బూ కాదు, బద్ధకమూ కాదు. మన దగ్గర డాక్టర్లకే సరిగ్గా తెలియదు, పాపం మీ సారుకేం తెలుస్తుంది?"

"పుట్టుకతోనే అంటే," సత్తెమ్మ ఆగింది. యాదమ్మ అక్కడే ఉంది, కట్టె ముక్కలతో ఇల్లు కడుతోంది. అయినా ఆపుకోలేకపోయింది. "ఇది కడుపుల ఉన్నప్పుడు నేను పడ్డనమ్మా. తట్ట మోసుకుంట బోర్ల పడ్డ. గందుకేనా?"

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "కాదండీ. పడ్డందుకు ఇది రాదు."

"నిజం చెప్పు తల్లీ. నా మనసుకోసం చెప్పకు."

"నిజమే చెప్తున్నాను. మీరు పడకపోయినా ఇది ఉండేది. ఇది వంశంలో వస్తుంది, ముక్కు తీరు వచ్చినట్టు. మీవాళ్ళలో ఎవరికైనా ఉందా? బడికి వెళ్ళి, తెలివి ఉండి కూడా చదువు రానివాళ్ళు?"

తొమ్మిదేండ్లు గుండె మీద పెట్టుకున్న తట్ట ఎవరో పట్టి దించినట్టయింది. భుజాలు ఉన్నట్టుండి తేలికై, కూర్చున్నచోటే కాస్త తూలింది. ఆ తేలికలో డాక్టరమ్మ అడిగిన ప్రశ్న నెమ్మదిగా వచ్చి తగిలింది. ఎవరైనా ఉన్నారా? నర్సింహ. నర్సింహ నాలుగేండ్లు బడికి పోయాడు. ఆ కాలంలో పంతులు అతన్ని చేతులు దూలానికి కట్టి కోదండం వేయించేవాడట, తండ్రి పోచయ్య ఇంటికి రాగానే పశువుల గుంజకు కట్టేవాడట. ఒకనాడు పారిపోయి గుట్టల్లో రెండు రోజులు దాక్కున్నాడు, ఆ తరువాత ఎవరూ బడికి పంపలేదు. నా తలకాయల బురద నింపి పంపిండు దేవుడు అని ఇప్పటికీ నవ్వుతూనే అంటాడు. ఆ బురద తలకాయే కార్ఖానాలో ఏ యంత్రం ఆగినా చెవి ఆనించి, ఎక్కడ పట్టిందో చెప్తుంది. ఫిట్టర్లు అతన్ని పిలిచి అడిగి, తాము బాగుచేసినట్టు చెప్పుకుంటారు. అతను పదకొండేండ్లుగా హెల్పరే. ఫిట్టరు కావాలంటే కాగితం చదివి రాయాలి. నిన్న చీటీ సంగతి చెప్తే అతను, "రాసిస్తే తెచ్చుకో. బిడ్డకు దెబ్బలన్న తప్పుతయి," అన్నాడు. అతను అన్నది చదువు మీద కోపంతో కాదని, ఆ దెబ్బలు ఇంకా తన వీపు మీద ఉండబట్టే అన్నాడని, ఆమెకు ఇప్పుడు, ఈ కుర్చీలో అర్థమైంది.

"ఉన్నడమ్మా. దీని నాయన," అంది. అంతా చెప్పింది. మాట ఒకసారి మొదలయ్యాక ఆగలేదు. వేలు ఒక చోట నోరు ఒక చోట ఉండడం, ఒకే మాట చోటుకో రకం కావడం, ఆదివారం రాని కడుపునొప్పి, చెప్పులు, వారాలు, బండల సందులో పుస్తకం. తొడపాశం కూడా చెప్పింది, అది చెప్పేటప్పుడు యాదమ్మ వైపు చూడలేదు. డాక్టరు రత్నమాల మధ్యలో అడ్డురాకుండా రాసుకుంటూ పోయింది.

"ఇవన్నీ మీకెవరు చెప్పారండి? గుర్తులు ఇంత బాగా పట్టినవాళ్ళను నేను చూడలేదు."

"ఎవలు చెప్తరమ్మా? పక్కన కూసున్న, చూసిన."

"సరే, వినండి. దారి ఉంది. పళ్ళెంలో ఇసుక పోసి, పెద్ద అక్షరం వేలితో దిద్దించాలి, దిద్దుతూ నోటితో అనిపించాలి. రోజుకు ఒకటి, మహా అయితే రెండు. కొట్టకూడదు. నలుగురిలో చదవమనకూడదు. అందరిలా గబగబా చదవడం తనకు ఎప్పటికీ రాకపోవచ్చు, ఆ ఆశ నేను పెట్టను. కాని చదువుతుంది. బడి మాన్పించొద్దు, ప్రశ్నలు నోటితో అడగమని మీ సారుకు రాసిస్తాను. అయితే ఇంటి దగ్గర రోజూ ఒక గంట పక్కన కూర్చునేవాళ్ళు కావాలి, అక్షరాలు వచ్చినవాళ్ళు. ఎవరున్నారు మీ వాడలో?"

గదిలో ఒక క్షణం కట్టె ముక్కల చప్పుడు కూడా లేదు. లేరు అంటే అంతటితో పోతుంది. ఉన్నారు అంటే బిడ్డ ముందు అనాలి, రెండేండ్ల దొంగతనం బయటపెట్టాలి.

"నేనున్న," అంది. "నాకు వస్తయి."

అంటూనే భయంగా యాదమ్మ వైపు చూసింది. ఆ పిల్ల ఇంటి కప్పు మీద చివరి ముక్క సరిగ్గా కూర్చోబెట్టి, చేయి తీసి, అప్పుడు తలెత్తింది.

"నాకెరుకనే," అంది. "స్టేషన్ల బోర్డు చూసినప్పుడు నీ పెదవులు కదులుతయి కద. నువ్వు చెప్తలేవు గని."

"కోపం రాలేదా బిడ్డా?"

"కోపమెందుకు? నాకు కథల పుస్తకం చదివి పెడ్తవేమో అనుకున్న. నువ్వు అడగనిస్తేనా?"

డాక్టరమ్మ ముందు నవ్వింది. తరువాత సత్తెమ్మ నవ్వింది, ఆ నవ్వు మధ్యలో ఎక్కడో ఏడుపైంది, కొంగు అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. యాదమ్మ లేచి వచ్చి తల్లి మోకాళ్ళ మధ్య నిలబడి, ఈమె ఎందుకు ఏడుస్తోందన్నట్టు డాక్టరమ్మ వైపు చూసింది. ఆవిడ కలం తీసి కాగితం రాయడం మొదలుపెట్టింది. తెలుగులో రాయమ్మా అని సత్తెమ్మ అడిగింది. తన జీవితంలో ఒక చదువుకున్న మనిషిని ఇట్లా రాయి, అట్లా రాయి అని అడగడం అదే మొదటిసారి.

బయటికి వచ్చేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. దవాఖాన గేటు ముందు సైకిళ్ళూ రిక్షాలూ కిక్కిరిసి ఉన్నాయి. పొద్దున ఇదే గేటులో వస్తున్నప్పుడు ఇవేవీ కనిపించలేదు ఆమెకు, పిల్ల మణికట్టు ఒక్కటే కనిపించింది. నిన్న మధ్యాహ్నం నుంచి తాను అన్నం ముట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది. బండి మీద వేడి మిరపకాయ బజ్జీలు వేయించుకొని, తల్లీబిడ్డలు గోడ నీడన నిలబడి, కారానికి కండ్ల నీళ్ళు పెట్టుకుంటూ తిన్నారు. యాదమ్మ నోరు ఆగలేదు. ఆ డాక్టరమ్మ బొమ్మలిచ్చి కథ చెప్పమంది, ముక్కలు ఇచ్చి అట్లనే పెట్టమంది, నేను ఆమె కంటే ముందే పెట్టిన, అక్షరాలు చదవమన్నప్పుడు రాదని చెప్పిన, రాకుంటే ఏం కాదు అన్నది, అట్లంటరా అమ్మా ఎవరన్న? ఎవరూ అనలేదు ఇంతవరకు అంది సత్తెమ్మ. తినడం అయ్యాక చేతులు కడుక్కొని, స్టేషను వైపు నడిచారు. రేపు యజ్ఞనారాయణ సారు ఏమంటాడో, ఇసుక ఎక్కడ జల్లెడ పట్టాలో, అత్తకు ఎట్లా నచ్చజెప్పాలో, ఇంకా ఎన్నో ఉన్నాయి. ఉంటే ఉండనీ అనిపించింది. ప్యాసింజరులో కిటికీ పక్క చోటు దొరికింది. యాదమ్మ ఎదురుగా వచ్చే గూడ్సు డబ్బాలు లెక్కపెడుతుంటే, సత్తెమ్మ ఇంటి దాకా ఆగలేననుకుంది. సాయంత్రం నర్సింహ అలిసి వచ్చి, స్నానం చేశాక, అత్త వింటుండగా చెప్పాల్సిన మాట కాదిది. సనత్‌నగర్ స్టేషను రాగానే పిల్ల చేయి పట్టుకొని దిగిపోయింది. అక్కడి నుంచి బాలానగర్ దాకా నడిచారు.

వాళ్ళు గేటు ముందు చేరి కాచుకున్నాక, పొద్దు వాలుతుండగా కార్ఖానా సైరను కూసింది. గేటు తెరుచుకొని మనుషులు టిఫిను డబ్బాలతో, సైకిళ్ళతో ఒక్కసారిగా బయటికి వచ్చారు. నర్సింహ వాళ్ళను చూసి అక్కడే ఆగిపోయాడు. మోచేతుల దాకా గ్రీజు. "ఏమైంది? గిక్కడికెందుకు వచ్చిన్రు?" అన్నాడు, గొంతులో ప్రాణం లేకుండా. "కాయితం రాసిచ్చిన్రా?"

"రాసిచ్చిన్రు."

అతను తల వంచుకున్నాడు. యాదమ్మ నెత్తి మీద చేయి వేయబోయి, గ్రీజు చూసుకొని వెనక్కి తీసుకున్నాడు. "పోనీ తియ్. ఇగ కొట్టరు."

"విను," అంది సత్తెమ్మ. గోడ పక్కకు జరిగి, కాగితం విప్పి, రెండు చేతులా పట్టుకుంది. దారిన పోయేవాళ్ళు పోతున్నారు. ఆమె ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ, గొంతు దాచుకోకుండా చదివింది. ఈ బాలిక తెలివైనది. అక్షరములు గుర్తించుటలో మాత్రము ఇబ్బంది కలదు. ఇది ఆమె తప్పు కాదు. బడి మాన్పించరాదు, దండించరాదు. ఇట్టి ఇబ్బంది ఈమె తండ్రికిని కలదని తోచుచున్నది. అది తెలివితక్కువ కాదు, అతని తప్పును కాదు.

నర్సింహ కాగితం వైపు చూశాడు, పెండ్లాం మొహం వైపు చూశాడు, మళ్ళీ కాగితం వైపు చూశాడు. ఆమె ఎప్పుడు, ఎట్లా చదవడం నేర్చుకుందని అడగలేదు. గోడకు ఆనుకొని, నెమ్మదిగా కిందికి జారి, టిఫిను డబ్బా ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. యాదమ్మ పోయి అతని పక్కన కూర్చుంది.

"నా ముచ్చట ఉన్నది చూడు," అన్నాడు, "ఆ వరుస ఇంకొకసారి చదువు."

సత్తెమ్మ అతనికి ఎదురుగా గొంతుక్కూర్చొని, ఆ వరుస మీద వేలు పెట్టి, మళ్ళీ మొదటి నుంచి చదవసాగింది.